సువర్ణాన్వేషణమున లోహశోధని: నేల, తీగచుట్ట, అమరిక

బిలాస్‌పూరు నుండి రాయపురమునకు పోవు రాజమార్గమున, ఛత్తీస్‌గఢ్ ఉన్నత న్యాయస్థానమునకు నెలవైన బోద్రీ పట్టణమునకు ఆగ్నేయముగా, మహానదికి ఆవలి దరిని సోనాఖాన్ కొండలు కలవు. 1857 డిసెంబరు 10వ తేదీన రాయపురమున ఉరికంబమెక్కిన వీర నారాయణ సింహుని జమీందారీ అది. ఆ కొండలలోని శిలలయందు బంగారము కలదని భూగర్భశాస్త్రజ్ఞులు చిరకాలముగా ఎరిగియున్నను, సామాన్యుల నోట ఆ మాట విశేషముగా నానినది 2016లో అచటి బాఘ్‌మారా క్షేత్రమును ప్రభుత్వము వేలము వేసి వేదాంత సంస్థకు కట్టబెట్టిన పిమ్మటనే. బెంగాల్ నాగపూర్ రైల్వే దినములనుండి బిలాస్‌పూరు నాశ్రయించి, తరతరములుగా రైలుకొలువులు చేసికొనుచు, నేడు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధానస్థానమైన ఈ ప్రాంతముననే స్థిరనివాసమేర్పరచుకొన్న తెలుగువారికి సోనాఖాన్ పేరు క్రొత్త కాదు. ఏ లోహశోధని కొనవలెను, దానికి ఎంత వెడల్పు కాయిల్ తగిలింపవలెను, మీటలను ఏ అంకెపై నిలుపవలెను అను ప్రశ్నలు ఉత్సాహవంతులైన యువకులకు కలుగుట సహజము. ఆ ప్రశ్నలన్నింటిని ఒకచోట చేర్చి విచారించుటయే ఈ వ్యాసమునకు సంకల్పము. మున్ముందుగా నా నిశ్చయమును చెప్పివేసెదను. వెదకబోవు నేలలో బంగారము ఏ పరిమాణమున నున్నదో, ఆ నేలలో ఇనుము ఏ రూపమున నున్నదో తెలిసిన పిమ్మటనే కాయిల్ మాటయు, అమరిక మాటయు ఎత్తదగును. ఆ రెండును తెలియనివానికి ఎంత వెలగల యంత్రమైనను ఉపకరింపదు.

యంత్రముయొక్క మూలసూత్రము సులభముగా గ్రహింపదగినదే. కాయిల్ అనబడు తీగచుట్టలో విద్యుత్తు మారుచున్నపుడు దాని చుట్టును అయస్కాంతక్షేత్రము మారును. ఆ మార్పు సమీపమున నున్న లోహమునందు సుడివిద్యుత్తును పుట్టించును. ఆ సుడి తిరిగి తన క్షేత్రమును వెలువరింపగా, దానిని వేరొక చుట్ట గాని, ఆ చుట్టయే గాని అందుకొని శబ్దముగా మార్చి వినిపించును. 1879లో డేవిడ్ హ్యూస్ కనిపెట్టిన ప్రేరణతులాయంత్రమును సంస్కరించి అలెగ్జాండర్ గ్రాహం బెల్, 1881లో తుపాకిదెబ్బ తిన్న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు శరీరమున గుండు ఎచట నిలిచినదో కనుగొనుటకు యత్నించి విఫలుడయ్యెను. అధ్యక్షుడు శయనించిన పరుపులోని ఉక్కుతీగలు యంత్రమును కలవరపరచినవనియు, వైద్యుడు శరీరమునకు కుడివైపుననే వెదకనిచ్చెననియు పిమ్మట తెలియవచ్చినది. యంత్రము సరియైనదే అయ్యును పరిసరము సరిపడకపోవుటయు, లేనిచోట వెదకుటయు నను ఈ రెండు దోషములే నేటికిని సువర్ణాన్వేషకుని వెన్నాడుచున్నవి. బెల్ అనంతరము గెర్హార్డ్ ఫిషర్ 1937లో లోహశోధనికి అమెరికాలో పేటెంటు పొందెను. రెండవ ప్రపంచయుద్ధమున పోలండు దేశీయుడైన యూజెఫ్ కొసాట్స్కీ మందుపాతరలను వెదకుటకు చేతనెత్తుకొని నడువదగిన శోధనిని నిర్మించెను. చరిత్ర ఇంతటితో చాలును.

ఇక పరిమాణము మాట. లోహపుతునుకలో పుట్టిన సుడివిద్యుత్తు ఎంతసేపు నిలుచునన్నది ఆ లోహముయొక్క వాహకతపైన, తునుకయొక్క వ్యాసార్ధవర్గముపైన ఆధారపడియుండును. రెండు మిల్లీమీటర్ల వ్యాసముగల శుద్ధసువర్ణగోళము బరువు సుమారు 0.08 గ్రాము, దానిలో సుడి క్షీణించు కాలము ఇంచుమించు ఆరు మైక్రోసెకండ్లు. వ్యాసము పదిరెట్లై రెండు సెంటీమీటర్లైనచో, బరువు సుమారు 81 గ్రాములై, అనగా పాత తూనికలో ఏడు తులముల దరిదాపునకు వచ్చి, కాలము నూరురెట్లు పెరిగి 570 మైక్రోసెకండ్లగును. వ్యాసము పదింట ఒకపాలై 0.2 మిల్లీమీటరునకు దిగినచో, అట్టి రేణువులు పండ్రెండువేలకు పైగా కూడిననే గాని ఒక గ్రాము తూగదు. వానిలో సుడివిద్యుత్తు 0.06 మైక్రోసెకండునకే అణగిపోవును. ఇదియంతయు శుద్ధసువర్ణమునకు చెప్పిన లెక్క. స్వాభావికసువర్ణమున వెండి కలిసియుండును; వెండి బంగారముకంటె మేలైన విద్యుద్వాహకమే అయినను, రెండును కలిసిన మిశ్రలోహము వానిలో దేనికిని సాటిరాని హీనవాహకమగుటచే, ఆ కాలములు ఇంకను తగ్గును. ఈ మూడంకెలను మనస్సున నిలుపుకొన్నవానికి తక్కిన విషయమంతయు సుబోధమగును.

ఏలయనగా, సోనాఖాన్ ప్రాంతపు జోంక్ నదిలోను, జష్‌పూర్ మండలమున ప్రవహించు ఈబ్ నదిలోను దొరకు బంగారము అధికభాగము రజోరూపమైనది. సోన్‌ఝరాలను పేర బరగు జనులు తరతరములుగా ఆ ఇసుకను చెక్కపళ్లెములలో కడిగి, తేలికమట్టిని నీటితో జారవిడిచి, అడుగున మిగిలిన నల్లని ఇనుపయిసుకలోనుండి ఆ రేణువులను వేరుచేయుచున్నారు. 1916లో రస్సెల్, హీరాలాల్‌లు ప్రకటించిన మధ్యపరగణాల జాతుల గ్రంథమున వీరినిగూర్చి ప్రత్యేకముగా వ్రాయబడియున్నది. బంగారము నీటికంటె 19 రెట్లు, ఇసుకకంటె సుమారు ఏడురెట్లు బరువైనదగుటయే వారి విద్యకు ఆధారము. రేణువు ఎంత చిన్నదైనను బరువు దానిని విడువదు గనుక ఆ పళ్లెమునకు అది చిక్కును; సుడివిద్యుత్తు దానిలో నిలువదు గనుక లోహశోధనికి అది చిక్కదు. కావున జోంక్ ఇసుకమేటపై లక్షరూపాయల యంత్రమును పట్టుకొని తిరుగువాడు, దినమంతయు మేకులను, తీగముక్కలను, సీసా మూతలను త్రవ్వి అలసిపోవుటయు, అతనికి కూతవేటు దూరమున సోన్‌ఝరా స్త్రీ పళ్లెములో నాలుగు మెరుపులు చూచుటయు ఆశ్చర్యకరము కాదు.

శిలలలోని బంగారమును ఇట్టిదే. బాఘ్‌మారాలో గాని, తెలుగు తమిళ కార్మికుల చెమటతో 1880 మొదలు 2001 వరకు నడచిన కోలారు గనులలో గాని, అదే శిలాపంక్తికి దక్షిణపు కొనయైన చిత్తూరు మండలపు చిగురుగుంట, బిసానత్తములలో గాని, పూర్వపు అనంతపుర మండలపు రామగిరిలో గాని, కర్నూలు మండలపు జొన్నగిరిలో గాని, బంగారము తెల్లరాతి నాళములయందును, వాని ఇరుగడల నున్న శిలయందును టన్నుకు కొన్ని గ్రాముల లెక్కను చెదరియుండునదే. రాతిని పిండిచేసి రసాయనములతో తీయవలసినదే. జొన్నగిరి, తుగ్గలి పొలములలో తొలకరివానలకు జనులు వెదకునది వజ్రములను. వజ్రము లోహము కాదు గనుక ఆ వేటకు ఈ యంత్రము బొత్తిగా నిరుపయోగము. ఇట్లు మన దేశమున లోహశోధని యొక్క పరిధి మిక్కిలి సంకుచితము; ఎచటనైన నాళము శిథిలమై, ముతక బంగారము పలుకులుగా, ముద్దలుగా విడివడి, కొండవాలున నిలిచిపోయిన స్థలమున్నచో అచట మాత్రమే దానికి పని కలదు.

అట్టి స్థలమే దొరకినదనుకొందము. యంత్రములు ముఖ్యముగా రెండు జాతులు. మొదటిది ఎడతెగక కంపించు అల్పపౌనఃపున్య జాతి, వ్యవహారమున వి.ఎల్.ఎఫ్. అనబడునది, రెండవది విద్యుత్తును క్షణకాలము పంపి ఛేదించి, పిమ్మటి నిశ్శబ్దములో సుడివిద్యుత్తుయొక్క శేషమును ఆలకించు పల్స్ జాతి. మొదటి జాతిలో నాణెములకై చేసిన యంత్రములు 5 మొదలు 15 కిలోహెర్ట్జుల నడుమ కంపించును. పైన చెప్పిన రెండు మిల్లీమీటర్ల పలుకు ప్రస్ఫుటముగా స్పందించు పౌనఃపున్యము లెక్కప్రకారము సుమారు 28 కిలోహెర్ట్జులు. వెండి కలిసిన పలుకుకు అంతకంటె హెచ్చు. అందుచేతనే మైన్‌ల్యాబ్ వారి గోల్డ్ మాన్‌స్టర్ 45 కిలోహెర్ట్జులను, ఫిషర్ వారి గోల్డ్ బగ్ 2 యంత్రము 71 కిలోహెర్ట్జులను అవలంబించినవి. ఇవి ఆవగింజవంటి పలుకులను గూడ రెండు మూడు అంగుళముల లోతున వినిపింపగలవు గాని, ఇనుము మిక్కుటమైన ఎర్రనేలపై వాని ధైర్యము సడలును. పల్స్ జాతి అట్టి నేలను ఓర్చుకొని లోతునకు పోగలదు. అయితే విద్యుత్తును ఛేదించిన తరువాత ఎనిమిది, పది మైక్రోసెకండ్లు గడచిననే గాని అది వినుటకు ఆరంభింపదు గనుక, ఆరు మైక్రోసెకండ్లకే అణగు పలుకు దానికి లీలగా మాత్రమే వినిపించును. లోతున నున్న గోరంత, బొటనవ్రేలంత ముద్దలు దాని ఆహారము. అడిలైడ్ నగరమున బ్రూస్ క్యాండీ 1990ల దశకమున పలు కాలావధులను కలగలిపిన పల్స్ పద్ధతిని నెలకొల్పినతోడనే, ఆస్ట్రేలియా బంగారునేలలలో అంతకుముందు వెదకి వదలివేసిన చోటులే మరల ఫలించుట ఆరంభించినది.

ఇప్పుడు నేలలోని ఇనుము. ఛత్తీస్‌గఢ్ రైతులు తమ మృత్తికలను భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని నాలుగుగా విభజింతురు. భాటా గులకలతో కూడిన ఎర్రని మెట్టనేల. కన్హార్ లోతట్టున నీరు పట్టియుంచు నల్లరేగడి. ఈ రెంటియందును యంత్రము పడు బాధ ఒక్కటి కాదు. భాటాలోని ఎర్రరాతి గులకలలో మేఘెమైట్ మొదలగు అయస్కాంతఖనిజములుండును. వానిలోని అతిసూక్ష్మకణములు యంత్రముయొక్క క్షేత్రమునకు లోబడి, క్షేత్రము తొలగిన తరువాత గూడ మెల్లమెల్లగా సడలుచు, బంగారమువలెనే శేషధ్వనిని పుట్టించును. ఒక్కొక్క గులక ముద్దబంగారమును పోలి పలుకుటయు కలదు. అన్వేషకులు దానిని వేడిరాయి అందురు. కన్హార్ నేల తడిసినపుడు తానే బలహీనమైన విద్యుద్వాహకమై, కాయిల్ కదలినప్పుడెల్ల గుసగుసలు పుట్టించును. కావున భాటాపై గ్రౌండ్ బ్యాలెన్సు అను నేలసర్దుబాటును శ్రద్ధతో, పలుమారులు చేయవలయును: లోహము లేని చోట కాయిల్‌ను నేలకు అంగుళము ఎత్తునుండి అడుగు ఎత్తువరకు లేపుచు దింపుచు, ధ్వనిలో హెచ్చుతగ్గులు అణగువరకు సరిచేయవలయును, నేలరంగు మారినచోట తిరిగి చేయవలయును. తనంతతాను సర్దుకొను యంత్రమున్నను, గులకలు మెండైన చోట దానిని స్థిరముగా నిలుపుటయే మేలు. కదలుచున్న సర్దుబాటు పలుకుయొక్క సన్నని ధ్వనిని గూడ నేలధ్వనిగా భ్రమించి అణచివేయగలదు. కన్హార్ విషయమున నాకు తోచిన ఉత్తమోపాయము వేసవివరకు ఆగుటయే.

కాయిల్‌ను ఎన్నుకొనుటలో జనులు ఎక్కువగా మోసపోవునది వెడల్పు విషయమున. పెద్దచుట్ట లోతునకు పోవునన్న మాట సత్యమే గాని, ఎంత లోతునకు, దేనికై అని ఎవరును అడుగరు. తునుక దూరమైన కొలది ధ్వని ఆ దూరముయొక్క ఆరవ ఘాతముననుసరించి క్షీణించును. అనగా లోతు రెట్టింపైనచో ధ్వని అరువదినాల్గవ వంతగును. అదే విద్యుత్తుతో చుట్టయొక్క వెడల్పును రెట్టింపు చేసినచో, మిక్కిలి లోతున నున్న ముద్దనుండి వచ్చు ధ్వని పదునారు రెట్లు పెరిగినను, లోతులో దక్కు లాభము ఒకటిన్నర రెట్లకు కొంచెము మించును, అంతే. ఆ లాభమునకై నేలపై నున్న చిన్నపలుకు ధ్వనిని నాల్గవ వంతునకు దించుకొనవలసివచ్చును. చుట్ట చూచు మట్టి ఎనిమిది రెట్లగును, దానితోపాటు ఆ మట్టిలోని ఇనుపఘోషయు పెరుగును. కావున పలుకులు మాత్రమే దొరకు నేలలో ఐదారంగుళముల చుట్టయే ఉత్తమము. గోల్డ్ మాన్‌స్టరుతో ఐదంగుళముల గుండ్రని చుట్టయు, పదంగుళముల పొడవు ఆరంగుళముల వెడల్పు గల అండాకారపు చుట్టయు ఇచ్చుట ఆలోచించి చేసిన పని. అండాకారము రాళ్ల సందులలో, పొదల మొదళ్లలో ముక్కు దూర్చుటకు అనుకూలము. పదునొకండంగుళముల చుట్ట మధ్యమమార్గము. పదునేడంగుళములకు పైబడిన చుట్టను పెద్దముద్దలు దొరకిన చరిత్ర గల లోతైన నేలలోనే వాడదగును. భుజము నొచ్చుట అదనపు మూల్యము.

చుట్టలోని తీగపోహళింపును గూర్చి ఒక మాట. ఒకే చుట్ట పంపుటయు వినుటయు చేసినచో అది మోనో. డి అక్షరమువంటి రెండు చుట్టలు వెన్నువెన్ను చేరి, ఒకటి పంపగా మరియొకటి వినినచో అది డబుల్ డి. పల్స్ యంత్రమునకు మోనో తగిలించినచో మృదువైన నేలలో లోతు హెచ్చు, ధ్వని తీక్ష్ణము. భాటావంటి కఠినమైన నేలలో డబుల్ డి శాంతముగా పనిచేయును, ఇనుమును కొంతవరకు వేరుపరచి చెప్పును; వి.ఎల్.ఎఫ్. సువర్ణయంత్రములకు నేడు విశేషముగా ఇదియే వాడుక. మైన్‌ల్యాబ్ జి.పి.ఎక్స్. 5000 యంత్రమును పదునొకండంగుళముల చుట్టలు రెండు జాతులవియు చేర్చి విక్రయించినది ఇందుకే. నా అభిప్రాయమున ఒక్కటే కొనగలవాడు డబుల్ డి కొనుట క్షేమము. మోనో నేల నెరిగినవాని ఆయుధము.

మీటల అమరికలో మొదటి వ్యామోహము సెన్సిటివిటీ. దానిని రెట్టింపు చేసినచో, ఆరవ ఘాతపు నియమముననుసరించి, లోతు నూటికి పండ్రెండు పాళ్లే పెరుగును. నేలఘోష మాత్రము పూర్తిగా రెట్టింపగును. యంత్రము నిలకడగా గొణుగుచున్న స్థితికి ఒక మెట్టు దిగువన నిలుపుటయే నేర్పు. థ్రెషోల్డు అను ఆధారధ్వనిని దోమపాటవలె చెవికి వినీవినబడనట్లు ఉంచవలయును. లోతున నున్న బంగారము గట్టిగా పలుకదు, ఆ సన్నని నాదములో చిన్న వంపుగా, ఒక్కొక్కప్పుడు చిన్న విరామముగా మాత్రమే తెలియును. అందుచేత చెవులకు హెడ్‌ఫోను తప్పనిసరి. ఇనుమును త్రోసిపుచ్చు డిస్క్రిమినేషన్ మీటను బంగారునేలపై ముట్టకుండుట శ్రేయస్కరము. ఎర్రమట్టిలో లోతున నున్న చిన్నముద్దను యంత్రము ఇనుమని చెప్పుట సాధారణము. చెత్త మిక్కుటమై దినము గడవని చోట తప్ప, పలికిన ప్రతిచోట త్రవ్వవలసినదే. ఇక చుట్టను నేలకు తాకీతాకనట్లు, సమానమైన ఎత్తున, మెల్లగా ఊపవలయును. నేలకు రెండంగుళములు ఎత్తి ఊపువాడు చిన్నపలుకుల విషయమున తాను కొన్న లోతులో సగమునకు మించి గాలికి ధారపోసినట్లే.

బోద్రీ, బిలాస్‌పూరు పరిసరములకు విశేషమైన చిక్కు వేరొకటి కలదు. రైలుమార్గముపై 25,000 వోల్టుల విద్యుత్తు సెకనుకు 100 మారులు దిశ మార్చుకొనుచు ప్రవహించుచుండును. బరువైన బొగ్గుబండి ఒకటి కదలినతోడనే ఆ ప్రవాహము ఎగసిపడును. దాపున విమానాశ్రయమును, నలుదెసల హైటెన్షన్ తీగలును కలవు. ఈ ఘోషలో, అందునను పెద్ద మోనో చుట్టతో, పల్స్ యంత్రము వెర్రిగా అరచును. యంత్రములోని నాయిస్ క్యాన్సెల్ మీటను, చుట్టను కదల్పకుండ పట్టి నొక్కినచో, అది నిశ్శబ్దమైన మార్గమును వెదకికొనును. చాలనిచో చిన్నచుట్టకు దిగవలయును. డబుల్ డి చుట్టను ఘోషను ఖండించు పద్ధతిలో వాడినచో శాంతి దొరకును గాని లోతు తరుగును. యంత్రమును అభ్యసింపగోరువాడు రైలుకట్టకు, తీగలకు దూరమైన తన సొంత పెరటిలో, సీసపుగుండ్లను వివిధములైన లోతులలో పాతి వినుట మంచి శిక్షణ. చిన్న సీసపుగుండు చిన్నబంగారమును ఇంచుమించు పోలి పలుకును.

ఈ విద్య నిజముగా వర్ధిల్లిన సీమ ఆస్ట్రేలియా. విక్టోరియా రాష్ట్రమున మోలియాగల్ వద్ద 1869లో డీసన్, ఓట్స్‌లకు చెట్టు వేళ్ల నడుమ నేలకు అంగుళము క్రింద బంగారపు మహాపిండము దొరకినది. 1980లో కింగోవర్ వద్ద కెవిన్ హిలియరుకు లోహశోధనితో 27 కిలోగ్రాములకు మించిన ముద్ద చిక్కినది. ఆ నేలలు మెల్బోర్న్ నగరమునకు కారుపై రెండు మూడు గంటల ప్రయాణము. ఆ నగరమున తెలుగువారు నేడు వేలకొలదిగా నున్నారు. అచట మైనర్స్ రైట్ అను స్వల్పరుసుము పత్రము కొన్నవానికి, అనుమతించిన ప్రభుత్వభూములలో చేతిపనిముట్లతో వెదకి, దొరకినదానిని దక్కించుకొను హక్కు చట్టమే యిచ్చినది. బెండిగో, డునాలీ ప్రాంతములకు పోవు తెలుగు సోదరులకు నా సలహా: అన్వేషకులు పలుమారులు జల్లెడపట్టిన పైనేలలకు 45 కిలోహెర్ట్జుల యంత్రమును, ఐదంగుళముల చుట్టను వాడుడు, లోతైన ఎర్రమట్టిలోనికి పల్స్ యంత్రముతో, పదునొకండంగుళముల చుట్టతో దిగుడు, మొదటి సంవత్సరమున అంతకు మించిన చుట్ట కొనకుడు.

మన దేశమున అట్టి హక్కు లేదు. 1957 నాటి గనులు ఖనిజముల చట్టము నాల్గవ విభాగము అనుమతిపత్రము లేక ఖనిజాన్వేషణము చేయుటను నిషేధించుచున్నది. నేలలో దాగిన నిధి పదిరూపాయల విలువకు మించినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి నిధుల చట్టము శాసించుచున్నది. రక్షితస్మారకముల ఆవరణలలో త్రవ్వుట వేరొక అపరాధము. గుప్తనిధుల ఆశతో తెలుగునాట పాత గుడుల గోడలు, కోటబురుజులు ఎన్ని కూల్చబడినవో తలచినచో మనస్సు కలతచెందును. నూరడుగుల దూరమునుండి బంగారమును చూపునని చెప్పి లక్షలకు అమ్ముచున్న కడ్డీలు, అంటెన్నాల పెట్టెలు శుద్ధమోసములు. ఆరవ ఘాతపు నియమమును ఏ పెట్టెయు ఉల్లంఘింపజాలదు. లోహము బంగారమో, సిగరెట్టుపెట్టెలోని అల్యూమినియపు రేకో నిశ్చయముగా వేరుచేసి చెప్పగల శోధని నేటివరకు ఏ దేశమునను లేదు.

కావున బోద్రీలోని యువమిత్రులకు నేను చెప్పునది ఇది. సోనాఖాన్ కొరకు లోహశోధని కొనవలదు. అచటి బంగారము దానికి వినబడునది కాదు, అచట వెదకుటకు మీకు అనుమతియు లేదు. ఖనిజవిద్యయందు నిజమైన అభిలాష గలవారు భూగర్భశాస్త్రమును చదివి, ప్రభుత్వ సర్వేక్షణ శాఖలలో చేరుడు. చేరిన పిమ్మట, ఏ వాగు ఏ మలుపున ఎన్ని రేణువులనిచ్చునో ఎరిగిన సోన్‌ఝరా వృద్ధులను మొదట కలిసికొని, వారు చెప్పునది వ్రాసికొనుడు.